లేబుల్ చెప్పని సంగతులు: వికారాబాదు–తాండూరు ప్రాంతంలో లక్క రికార్డుల గుర్తింపు

వ్యాససంగ్రహం

78 ఆర్.పి.ఎం. గ్రామఫోను రికార్డులలో తెలుగు నాటకపద్యాలు, హరికథలు, భజనలు, లలితగీతాలు నిక్షిప్తమై ఉన్నాయి. వీటిని ఆధారాలుగా చూపేటప్పుడు లేబుల్ పేరుతో సరిపెట్టడం మన పరిశోధనల్లో తరచు కనిపించే అలవాటు. లేబుల్ ఒక వాణిజ్యచిహ్నం మాత్రమేననీ, రికార్డు పుట్టుకను తెలిపే సాక్ష్యం దాని ఉపరితలం మీద, ధ్వనిలో, దానితో వచ్చిన అట్టసంచి మీద విడివిడిగా ఉంటుందనీ ఈ వ్యాసం వివరిస్తుంది. మూడు భాషల కూడలి అయిన వికారాబాదు–తాండూరు ప్రాంతాన్ని ఇందుకు క్షేత్రంగా తీసుకున్నాను.

కీలకపదాలు: లక్క రికార్డులు, లేబుల్, మాతృక సంఖ్య, ఓడియన్, యంగ్ ఇండియా, తాండూరు, వికారాబాదు.

1. ఉపోద్ఘాతం

పుస్తకాన్ని ఉదాహరించేటప్పుడు ముద్రణ, సంవత్సరం, పుటసంఖ్య లేకపోతే ఒప్పుకోని పరిశోధకుడు రికార్డు దగ్గరకు వచ్చేసరికి “కొలంబియా రికార్డు” అని రాసి ముందుకు సాగిపోతాడు. ఆ ఒక్క మాటవల్ల తెలిసేది చాలా తక్కువ. హెచ్.ఎం.వి. లేబుల్‌కు యజమాని అయిన గ్రామఫోన్ కంపెనీ, కొలంబియా 1931లో ఇ.ఎం.ఐ.గా ఏకమయ్యాయి. అంతకు ముందు పోటీదారులుగా ఉన్న రెండు పేర్లు ఆ తరువాత ఒకే ఇంటి బిడ్డలు. ఏ సంవత్సరపు కొలంబియా అన్నది తేలకుండా ఒక గాయకుడు ఒక సంస్థను వదిలి మరో సంస్థకు వెళ్ళాడని తీర్మానిస్తే, అది లేని చరిత్రను కల్పించడమే అవుతుంది.

ప్రసిద్ధమైన లేబుళ్ళకే ఈ గతి పడితే, అపరిచితమైన వాటి సంగతి వేరే చెప్పనక్కరలేదు. జనవ్యవహారంలో ‘కుక్క బొమ్మ రికార్డు’కు విలువ ఉంది. కాగితం చిరిగి, పేరు చెరిగి, ఏ సంస్థదో అంతుపట్టని రికార్డు పాతసామాన్ల బండి ఎక్కుతుంది. పెద్ద సంస్థలు పట్టించుకోని గాయకులకు అవకాశమిచ్చినవి చాలావరకు ఈ చిన్న లేబుళ్ళే కాబట్టి, ఆ బండిలో పోయేది సాధారణంగా రెండో ప్రతి దొరకని గొంతు.

2. ఈ ప్రాంతమే ఎందుకు?

వాడి–సికింద్రాబాదు రైలుమార్గం 1874లో ప్రారంభమైంది. తాండూరు, వికారాబాదు రెండూ ఆ మార్గం మీదివే. వాడి దగ్గర అది బొంబాయి–మద్రాసు మార్గాన్ని కలుస్తుంది. వికారాబాదు జంక్షన్ నుంచి మరో దారి బీదరు మీదుగా పర్లీ వైపు సాగుతుంది. బొంబాయిలో అచ్చయిన రికార్డుకైనా మద్రాసులో అమ్ముడుపోయిన రికార్డుకైనా ఇక్కడికి చేరే దారి సిద్ధంగా ఉండేది. భాషల విషయమూ అంతే. తెలుగు, ఉర్దూ, కన్నడం ఒకే వీధిలో వినిపించే తాండూరు, 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేదాకా గుల్బర్గా జిల్లాలోని తాలూకా. అందువల్ల ఇక్కడి ఒక ఇంటి అటక మీద దొరికిన రికార్డు తెలుగుదే అయి ఉంటుందని ముందుగా అనుకోవడానికి వీలులేదు. ‘కెనరీస్’ అని ఇంగ్లీషులో ముద్రించి ఉంటే అది కన్నడమని గుర్తించాలి. అది గాయకుని పేరూ కాదు, ఊరి పేరూ కాదు.

3. లేబుల్ కాగితం మీద ఏమి చదవాలి?

మొదట బొమ్మ. గ్రామఫోన్ కంపెనీ తొలితరం రికార్డుల మీద ఈకతో పళ్ళెం మీద రాస్తున్న దేవదూత కనిపిస్తాడు. గ్రామఫోను ముందు కూర్చున్న కుక్క తరువాతి కాలానిది. ఆపైన తయారైన చోటు. ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తాలో ధ్వనిముద్రణ చేసినప్పుడు రికార్డులను అచ్చువేయడానికి మూలఫలకాలు జర్మనీలోని హానోవర్‌కు వెళ్ళాయి. కలకత్తాలోని సియాల్దా కర్మాగారం 1908లో మొదలైంది కనుక, హానోవర్ పేరున్న రికార్డు సాధారణంగా అంతకు ముందుదే.

సంఖ్యకు ముందుండే అక్షరాలు లేబుల్ సగం చిరిగినా ఉపకరిస్తాయి. హెచ్.ఎం.వి.లో ‘పి’ శ్రేణి ముందుది, ‘ఎన్’ శ్రేణి 1930లలో వచ్చింది. ‘జి.ఇ.’ కొలంబియాది, ‘ఎఫ్.టి.’ చౌక శ్రేణి అయిన ట్విన్‌ది. ‘హెచ్’ కలకత్తా హిందుస్థాన్ సంస్థది. ‘జె.ఎన్.జి.’ అని ఉంటే అది మెగాఫోన్. ఆ మూడక్షరాలు దాని యజమాని జె.ఎన్. ఘోష్ పేరులోవి. మెగాఫోన్ రికార్డులు అచ్చయింది మాత్రం గ్రామఫోన్ కంపెనీ వారి డమ్‌డమ్ కర్మాగారంలో. అమ్మినవాడు ఒకడు, అచ్చువేసినవాడు మరొకడు.

గాయకుల పేర్ల పక్కన ఉండే చిన్న మాటలను కూడా వదలకూడదు. ‘అమెచ్యూర్’ అన్న మాట గాత్రం బాగుందా లేదా అన్నదానికి సంబంధించినది కాదు. సంగీతం తన జీవనవృత్తి కాదని ఆ గాయకుడు లోకానికి చేసుకున్న విన్నపం అది. స్త్రీల పేర్లకు ముందుండే ‘మిస్’, వెనుకనుండే ఊరి పేరు ఆనాటి సామాజిక వ్యవస్థను, కళావంతుల స్థితిని పట్టిస్తాయి. ఈ మూడింటినీ సూచికలో తొలగించి పేరును ‘శుభ్రం’ చేయడం మంచి పద్ధతి కాదని నా అభిప్రాయం.

అపరిచిత లేబుళ్ళలో మూడింటిని తెలుగువారు ప్రత్యేకంగా గమనించాలి. ఓడియన్ జర్మన్ లేబుల్. 1930లలో మద్రాసులో ఎ.వి. మెయ్యప్పన్ భాగస్వామిగా ఉన్న సరస్వతీ స్టోర్స్ ద్వారా దక్షిణాది భాషలలో రికార్డులు తెచ్చింది. హచిన్స్ పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు గాని, సాలూరు రాజేశ్వరరావు బాలగాయకునిగా ఇచ్చిన తొలి రికార్డులు ఆ సంస్థవే. మూడవది బొంబాయి నేషనల్ గ్రామఫోన్ రికార్డ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ వారి యంగ్ ఇండియా. పెద్దగా పేరులేని గాయకులు దీనికి ఎక్కువగా పాడారు. యంగ్ ఇండియా, ఓడియన్ రికార్డులలో కొన్నింటిని భారతీయ రికార్డు సేకర్తల సంఘం ప్రయత్నంతో, బ్రిటిష్ లైబ్రరీ వారి ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ కింద డిజిటల్ రూపంలోకి మార్చారు. ఇక్కడ దొరికే ప్రతిని వాటితో పోల్చి చూడవచ్చు.

4. మాతృక సంఖ్య

కాగితం చెప్పలేనిది లక్క చెబుతుంది. చివరి గాడికీ లేబుల్‌కూ మధ్య నున్నని పట్టీ ఒకటి ఉంటుంది. కొన్ని రికార్డులలో లేబుల్ కాగితం కిందనే అంకెలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. అక్కడ చెక్కిన లేదా అచ్చొత్తిన అంకెలే మాతృక సంఖ్య. లేబుల్ మీది సంఖ్య దుకాణదారు జాబితా కోసం పుట్టింది. మాతృక సంఖ్య ధ్వనిముద్రణ జరిగిననాడు ఆ ఫలకానికి ఇచ్చినది. ఒకే పాటను మరో శ్రేణిలో, మరో లేబుల్ మీద తిరిగి విడుదల చేస్తే జాబితా సంఖ్య మారుతుంది, మాతృక మారదు. అదే పాటను అదే గాయకుడు మళ్ళీ పాడి ఇస్తే, జాబితా సంఖ్య ఒకటే ఉన్నా మాతృకలో తేడా వస్తుంది. పాఠపరిష్కర్తకు తాళపత్రం ఎలాంటిదో, రికార్డు పరిశోధకునికి ఈ పట్టీ అలాంటిది.

అంకెల పక్కన ఉండే అక్షరాలకూ గుర్తులకూ అర్థం ఉంది. గ్రామఫోన్ కంపెనీ తొలినాళ్ళ మాతృకలలో చివరి అక్షరం ధ్వనిముద్రకుడెవరో, రికార్డు పరిమాణమేదో తెలుపుతుంది. చిన్న త్రిభుజం ఉంటే విద్యుత్ పద్ధతిలో ముద్రించినదని, అంటే 1925 తరువాతదని అర్థం. చతురస్రం ఉంటే 1931 తరువాతది. కొలంబియా రికార్డులలో వలయంలో ఉన్న ‘డబ్ల్యు’ ఆ త్రిభుజానికి సమానం. ఏ గుర్తూ లేకపోవడాన్ని మాత్రం ఆధారంగా తీసుకోకూడదు. సన్నని గీతలు అరిగి కనిపించకపోవచ్చు.

చదివే విధానం సులభం. రికార్డును బల్లమీద ఉంచి, ఒక ప్రక్క నుంచి ఏటవాలుగా దీపం వేస్తే అంకెల నీడలు లేస్తాయి. ఆ స్థితిలోనే ఫోటో తీయాలి. సుద్దపొడి రుద్దడం, పెన్సిలుతో గీయడం వద్దు. స్పిరిటుతో తుడవడం అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే లక్క అందులో కరుగుతుంది. ఇంతకూ ఈ రికార్డులలో లక్క పాలు తక్కువే. బరువులో పెద్ద భాగం మెత్తగా నూరిన రాతిపొడి. నాపరాతి గనుల మధ్య పెరిగిన తాండూరువారికి ఈ సంగతి వింతగా తోచకపోవచ్చు.

5. పదార్థం, వేగం, గొంతు

కొన్ని లేబుళ్ళను కాగితం లేకున్నా పోల్చవచ్చు. నికోల్ రికార్డులు గోధుమరంగులో, లోపల అట్టతో ఉంటాయి. పాథే తొలి రికార్డులకు కాగితపు లేబుల్ ఉండదు, అక్షరాలు ఫలకం మీదనే చెక్కి ఉంటాయి. పాట లోపలి నుంచి బయటికి సాగుతుంది. గాడి పక్కలకు కాక పైకీ కిందికీ కదులుతుంది కనుక మామూలు సూదితో సరిగా పలకదు. కలకత్తాలో హెచ్. బోస్ ఈ సంస్థతో కలిసి రికార్డులు తెచ్చాడు. పలకని రికార్డు పాడైపోయిందని పారవేయకముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

‘78’ అన్న వేగం తొలిరోజుల్లో కచ్చితమైనది కాదు. నిమిషానికి సుమారు నాలుగున్నర చుట్ల తేడా వస్తే శ్రుతి ఒక అర్ధస్వరం జరుగుతుంది. ఐదు శ్రుతిలో పాడిన పద్యం ఐదున్నరగా వినిపిస్తుంది. రంగస్థల గాయకుల శ్రుతిస్థాయిని గూర్చి రాసేవారు హార్మోనియం సాయంతో వేగాన్ని సరిచూసుకోకుండా నిర్ణయాలు చేయరాదు. తొలి రికార్డులలో గాయకులు పాట చివర తమ పేరు తామే చెప్పుకొనేవారు. గౌహర్ జాన్ ఇంగ్లీషులో చెప్పేది. దూరదేశంలో అచ్చువేసేవారికి ఏ ఫలకం ఎవరిదో తెలియడానికే ఈ ఏర్పాటని చెబుతారు. లేబుల్ పూర్తిగా ఊడిపోయిన రికార్డుకు ఆ రెండు క్షణాల మాటే నామధేయం.

6. అంగడి చీటీ, అట్టసంచి

రికార్డు ఎక్కడ పుట్టిందో మాతృక చెబితే, ఎక్కడ బతికిందో అంగడి చీటీ చెబుతుంది. చీటీ మీద తాండూరును గుల్బర్గా జిల్లాలో చూపితే అది 1956 మార్పుకు ముందరి అలవాటు. ధర హాలీలలో రాసి ఉంటే అమ్మకం నిజాం సిక్కా చెలామణిలో ఉన్న రోజులది. కల్దారులో ఉంటే చీటీ బ్రిటిషు ఇండియా నుంచి వచ్చినది కావచ్చు. ఏడు హాలీ రూపాయలకు సుమారు ఆరు కల్దారులు. అయితే ఇవన్నీ అమ్మకపు కాలాన్ని తెలిపేవి. వీటితో ధ్వనిముద్రణ సంవత్సరాన్ని లెక్కకట్టకూడదు.

అట్టసంచి రికార్డుతో పుట్టినదే కానక్కరలేదు. ఒక సంస్థ సంచిలో మరో సంస్థ రికార్డు ఉండడం సర్వసాధారణం. అందువల్ల సంచిని పారవేయకుండా, దానికి వేరుగా సంఖ్య ఇచ్చి, ఏ రికార్డుతో దొరికిందో మాత్రమే నమోదు చేయాలి. రికార్డు పట్టికలో రెండు ముఖాలకు రెండు వరుసలు కేటాయించాలి. లేబుల్ పేరు, జాబితా సంఖ్య, మాతృక సంఖ్య, పక్కనున్న గుర్తులు, లేబుల్ మీది పాఠం ఉన్న అక్షరదోషాలతో సహా, చివర పలికిన పేరు, దొరికిన ఊరు ఆ క్రమంలో రాయాలి. చదవలేని అక్షరం ఉన్న చోట చుక్క పెట్టాలి, ఊహతో పూరించకూడదు.