అనికట్, బాండికూట్, లంకా: గోదారి ఒడ్డు నుంచి ఇంగ్లీషు డిక్షనరీకి

ఈ ఎపిసోడ్‌లో మూడు ఇంగ్లీషు మాటలు చెప్పుకుందాం. మూడూ డిక్షనరీల్లో ఉన్నవే. కానీ పోటీ పరీక్షలకి చదివే వకాబులరీ పుస్తకాల్లో పెద్దగా కనపడవు.

మొదటిది అనికట్. స్పెల్లింగ్ ఎ, ఎన్, ఐ, సి, యు, టి.

మాది దుమ్ముగూడెం. భద్రాచలానికి ఎగువన, గోదారి ఒడ్డున ఉంటుంది. ఉద్యోగం కోసం మొదటిసారి ఇంటర్వ్యూకి వెళ్తే, మీ ఊరి గురించి ఇంగ్లీషులో చెప్పమన్నారు. మా ఊళ్ళో ఒక అనికట్ ఉంది అని చెప్పాను. ఎదురుగా కూర్చున్నాయన నవ్వి, "అది తెలుగు మాట బాబూ, ఇంగ్లీషులో డ్యామ్ అనాలి" అన్నారు. సారీ సార్ అన్నాను. ఆ తర్వాత ఏమడిగినా నాకు నోరు పెగల్లేదు. ఉద్యోగమూ రాలేదు.

చాలా ఏళ్ళ తర్వాత డిక్షనరీ తీసి చూశానండీ. ఆ మాట అందులో ఉంది! పైగా అనికట్టూ డ్యామూ ఒకటి కాదు. డ్యామ్ నీళ్ళని వెనక పెద్ద జలాశయంగా నిలబెడుతుంది. ఆనకట్ట నదికి అడ్డంగా కట్టిన తక్కువ ఎత్తు గోడ. నీటిమట్టాన్ని కొంత లేపి కాలవలోకి మళ్ళిస్తుంది, మిగతా నీళ్ళు దాని మీంచే పొర్లిపోతాయి. మా ఊరి దగ్గర నదిలో రాళ్ళూ వడీ ఎక్కువ, పడవలు దాటలేవు. మధ్య భారతం నుంచి పత్తిని పడవల మీద దించాలని 19వ శతాబ్దంలో బ్రిటిష్ ఇంజినీర్లు ఇక్కడ ఆనకట్ట, పక్కన కాలవ, లాకులు కట్టారు. ఆ జలమార్గం పథకం మాత్రం పూర్తికాకుండానే ఆగిపోయింది.

మరి ఈ మాట మన తెలుగుదేనా? తొందరపడకండి. డిక్షనరీలు దీని మూలం తమిళం అంటాయి. అణై అంటే అడ్డుకట్ట, కట్టు అంటే మనకీ తెలిసిందే. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ అంతకుముందు కావేరి దగ్గర పనిచేసి, అక్కడి పాత కల్లణై చూసి నేర్చుకున్నవాడే. పనితోపాటు మాట కూడా వచ్చిందన్నమాట.

రెండోది బాండికూట్. ఇది మాత్రం అచ్చంగా మనదే: పందికొక్కు! కొక్కు అంటే పెద్ద ఎలుక. ఇంగ్లీషువాళ్ళు 'ప'ని 'బ' చేసుకున్నారు, అంతే. శాస్త్రవేత్తలు పెట్టిన బాండికోటా అన్న పేరు కూడా ఇందులోంచి వచ్చిందే. తర్వాత ఆస్ట్రేలియాలో పొడుగు మూతి జంతువు ఒకటి కనపడితే దానికీ ఇదే పేరు పెట్టారు. నిజానికి దానికి కడుపు దగ్గర సంచి ఉంటుంది, అది ఎలుక జాతే కాదు. పిల్లలు ఆడే క్రాష్ బాండికూట్ వీడియో గేమ్ హీరో ఆ ఆస్ట్రేలియా జంతువే. పేరు మాత్రం మన గాదె కింద పందికొక్కుది!

మూడోది లంకా. గోదారి మధ్య లంకల్లో పండిన పొగాకుతో చుట్టిన ఘాటు చుట్టకి ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న పేరు ఇది. 1890లో వచ్చిన 'ద సైన్ ఆఫ్ ఫోర్' నవలలో షెర్లాక్ హోమ్స్ దీని గురించి మాట్లాడతాడు. హంతకుడు కాల్చింది లంకా చుట్ట అని తెలిస్తే, వెతకాల్సినవాళ్ళ సంఖ్య బాగా తగ్గిపోతుందంటాడు.

ఇలాంటి మాటలు బోలెడు ఒకేచోట కావాలంటే యూల్, బర్నెల్ కూర్చగా 1886లో అచ్చయిన 'హాబ్సన్ జాబ్సన్' నిఘంటువు చూడండి. ఈ మూడూ అందులో ఉన్నాయి.

పోలిక కనపడగానే ప్రతి మాటా మనదే అనేయకండి, మూలం చూసుకోండి. అలాగే ఎవరో నవ్వారని మీకు తెలిసిన మాటని వదిలేయకండి. ఆరోజు నేను సారీ చెప్పాల్సింది కాదు. "డిక్షనరీ చూద్దాం సార్" అనాల్సింది.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఉంటానండీ.