చిల్లికుండకు వచ్చిన గౌరవము

నీరు నిలువని చిల్లికుండను పెరటిలోనికి విసరివేయుట మన ఇండ్లలో వాడుక. ఆర్కిడ్లను పెంచువారికి మాత్రము అట్టి కుండయే ప్రీతిపాత్రము. ఆర్కిడ్లలో పెక్కుజాతులు చెట్లకొమ్మలను అంటిపెట్టుకొని జీవించును. అయినను ఆ చెట్టురసమును దొంగిలింపవు. వాని వేళ్ళచుట్టును స్పంజివంటి తెల్లనిపొర యుండి, వానచినుకు తగిలినంతనే నీటిని పీల్చుకొని పచ్చబారును. పిదప గాలి సోకి ఆరిననేగాని వేరు బ్రదుకదు. తోటమట్టిలో పాతిన మొక్క కుళ్ళిపోవుట యందువలననే.

ఈ పూవులతో ఇచటి తెలుగువారికి ఒక చుట్టరికము కలదు. 1887లో వెలసిన బెంగాల్-నాగపూర్ రైల్వే వెంట తెలుగునాటినుండి ఉద్యోగములకై వచ్చిన కుటుంబములు ఛత్తీస్‌గఢ్‌లోని ఈ బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలో తరతరములుగా కాపురమున్నవి. 1931లో విజయనగరం-రాయపూర్ మార్గము పూర్తియైన పిమ్మట రాకపోకలు మరింత సుగమములైనవి. సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ పండితుడు 1795లో, కోరమాండల్ తీరపు మొక్కలనుగూర్చిన తన గ్రంథమున వర్ణించిన గళ్ళరేకుల వాండా అను ఆర్కిడ్ ఈ ఛత్తీస్‌గఢ్ అడవులలోను కలదు గనుక, ఆ పుష్పము ఇరుప్రాంతములకును చుట్టమే. అడవిలోని మొక్కను పెరుకుట తగదు. నర్సరీలో కొనుటయే న్యాయము.

వైశాఖమాసపు ఎండ ఇచట ఒక్కొక్కయేడు 45 డిగ్రీలను తాకును. శ్రావణమున దినములతరబడి ముసురు పట్టును. ఈ రెంటికిని ఓర్చు పాత్రను అంగడిలో వెదకుటకంటె ఇంట చేసికొనుటయే సుఖము. పీచు ఒలవని ముదురు కొబ్బరికాయను రెండుగా కోసి, కొబ్బరి తీసివేసి, ఎఱ్ఱగా కాల్చిన ఇనుపచువ్వతో అడుగునను ప్రక్కలను చిల్లులు పొడిచి, నీరు మార్చుచు కొన్నినాళ్ళు నానవేసినచో, పీచులోని కసరు తొలగి చక్కని తొట్టి యగును. మట్టికుండయే కావలెనన్న, కుమ్మరి దానిని ఆవములో పెట్టకముందే ప్రక్కలకు రంధ్రములు చేయించుకొనవలెను. చంద్రవంకలు, ఆకులు, చుక్కలు, ఏ యాకారమైనను సరియే. నా దృష్టిలో ఆ రంధ్రములే దానికి అలంకారము. అద్దపుబిళ్ళలు అంటించి, నూనెరంగులు పూసినవారిని చూచితిని గాని, రంగు మట్టిలోని సూక్ష్మరంధ్రములను మూసివేయుటచే కుండకు చల్లదనము పోవును. వెలుపల జాజుపూత చాలును. సిమెంటుతొట్టి చేయువారు దానిలోని సున్నపుగుణము విడుచువరకు వారములకొలది నానబెట్టవలెను. వ్రేలాడదీయుటకు రాగితీగ పనికిరాదు, దాని విషము ఆర్కిడ్‌కు సోకును, జింకుపూత గల ఇనుపతీగ (జి.ఐ.) మేలు.

లోపల ఇటుకముక్కలు, పెంకులు, బొగ్గు వేయవలెను. బొగ్గనగా ఈ యూరిమీదుగా రైళ్ళలో రేయింబవళ్ళు తరలు రాక్షసిబొగ్గు కాదు సుమా, కట్టెబొగ్గు. మొక్కను పాతిపెట్టక, కదలకుండునట్లు నూలుత్రాటితో కట్టిన చాలును. క్రొత్తవేళ్ళు పట్టుకొన్నపిమ్మట త్రాడు విప్పవచ్చును.

రెండుమూడేండ్లకు తొట్టి ఇరుకగును. అప్పుడు కొబ్బరిచిప్పకంటుకొన్న వేళ్ళను ఊడబెరుకరాదు. చిప్పతోకూడ మొక్కను పెద్ద వెదురుబుట్టలో నుంచి, సందులలో మరికొన్ని బొగ్గుముక్కలు వేయవలెను.