ప్లగ్గుకు కరెంటు రావడం లేదా? కాయిలు కొనే ముందు ఇవి చూడండి

ఇందుకూరుపేట: ట్యాంకులో పెట్రోలుంది. కాల్వలో నీళ్లున్నాయి. తాడు ఎన్నిసార్లు లాగినా ఇంజను మాత్రం పలకదు. ఇక్కడ నారుమడి ఎండుతుంటుంది. మైపాడు, కృష్ణపట్నం, జువ్వలదిన్నె వంటి సముద్రతీర గ్రామాల్లో చిన్న ఇంజన్లకు తరచు వచ్చే జబ్బు ఇది. ప్లగ్గులో నిప్పురవ్వ కనిపించకపోతే కాయిలు పోయిందని తేల్చేసి కొత్తది కొనేవారు ఎందరో ఉన్నారు. కాయిలు ఖరీదైన సామాను. దాన్ని అనుమానించవలసింది అన్నిటికంటే చివర.

డీజిల్ ఇంజన్లకు స్పార్కు ప్లగ్గు ఉండదని ముందుగా గమనించాలి. సిలిండరులో గాలి నొక్కుకుపోయి వేడెక్కితే ఆ వేడికే డీజిల్ మండుతుంది. కనుక ఇక్కడి సూచనలు ప్లగ్గు ఉన్న పెట్రోలు, కిరోసిన్ పంపులకు, మందు కొట్టే పవర్ స్ప్రేయర్లకు మాత్రమే.

రవ్వ పుట్టే తీరు

ఈ చిన్న ఇంజన్లలో చాలావాటికి బ్యాటరీ అక్కరలేదు. ఫ్లైవీలుకు అమర్చిన అయస్కాంతం కాయిలు పక్కగా తిరిగినప్పుడు కరెంటు పుడుతుంది. అది వేల ఓల్టులకు పెరిగి ప్లగ్గు మొన దగ్గర రవ్వగా దూకుతుంది. ఇటువంటి హై ఓల్టేజి మాగ్నెటోను 1902లో జర్మనీలోని బాష్ కంపెనీ తయారుచేసింది. ఆ కంపెనీతో కలిసి 1951లో బెంగళూరులో మొదలైనదే మన రైతులకు పరిచయమైన మైకో.

అంత ఓల్టేజి గల కరెంటు సందు దొరికితే ఎటైనా పోతుంది. ఉప్పుగాలికి ప్లగ్గు పింగాణీ మీద పొర పట్టి, రాత్రి మంచుకు అది తడిస్తే, కరెంటు ఆ పొర మీదుగా ఇంజనులోకి దిగిపోతుంది. మొన దగ్గర రవ్వ రాదు.

వరుసగా చూడవలసినవి

మొదట స్విచ్చి ఆన్‌లో ఉందో లేదో చూడాలి. కొన్ని ఫోర్ స్ట్రోక్ ఇంజన్లలో ఆయిలు తగ్గితే రవ్వ దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. కనుక ఆయిలు మట్టం కూడా చూడాలి.

తర్వాత ప్లగ్గు విప్పి మసి తుడిచి, పింగాణీని పొడిగుడ్డతో శుభ్రం చేయాలి. మొన దగ్గర సందు సుమారు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు, అంటే దాదాపు హాక్సా బ్లేడు మందం ఉండాలి. ప్లగ్గుకు క్యాపు తగిలించి, దాని ఇనుప భాగాన్ని ఇంజను బాడీకి ఆనించి, నీడలో తాడు లాగి చూడాలి. నీలం రవ్వ గట్టిగా దూకితే కరెంటు బాగున్నట్టే. ప్లగ్గును చేత్తో పట్టుకోరాదు. ప్లగ్గు రంధ్రం దగ్గర గాని, ఒలికిన పెట్రోలు దగ్గర గాని ఈ పరీక్ష చేయరాదు. మంట లేచే ప్రమాదం ఉంది.

రవ్వ రాకపోతే మంచి ప్లగ్గు పెట్టి చూడాలి. అప్పటికీ రాకపోతే క్యాపు లోపల పచ్చటి చిలుము పట్టిందేమో, వైరును ఎలుక కొరికిందేమో చూడాలి. ఇంజను ఆపే స్విచ్చి వైరు ఎక్కడైనా బాడీకి తగిలినా రవ్వ రాదు. ఆ వైరు ఊడదీసి ఒకసారి పరీక్షిస్తే తెలుస్తుంది. పరీక్ష కాగానే తిరిగి తగిలించాలి. లేకుంటే నడిచే ఇంజనును స్విచ్చితో ఆపలేరు.

ఇక ఫ్లైవీలు విప్పాలి. పాత ఇంజన్లలో పాయింట్లు ఉంటాయి. వాటికి నూనె, తుప్పు అంటితే ఎమరీ పేపరుతో తుడిస్తే చాలు. కాయిలు బిగించిన బోల్టుల కింద తుప్పు పట్టినా ఎర్తు అందదు. అక్కడ గీకి శుభ్రం చేసి బిగించాలి.

ఇంత చేసినా రవ్వ రాకుంటే అప్పుడు కాయిలును అనుమానించాలి. పొరుగు రైతు దగ్గర అదే రకం ఇంజను నడుస్తుంటే, దాని కాయిలు మార్చి చూస్తే డబ్బు పెట్టకముందే సంగతి తేలుతుంది.

2015, 2021 నవంబరు నెలల్లో వచ్చిన వరదల వంటి వాటిలో మునిగిన ఇంజను తాడును వెంటనే లాగరాదు. మంచినీళ్లతో ఉప్పు, బురద కడిగి, ప్లగ్గు తీసి నీరు పోగొట్టి, ఆయిలు మార్చి, కాయిలు పూర్తిగా ఆరిన తర్వాతే ప్రయత్నించాలి. మామూలు రోజుల్లో పని కాగానే క్యాపు తుడిచి, గాలి ఆడేలా గోనె కప్పి ఉంచితే చాలు.