ఏడేళ్ల కాగితం ఉంటేనే బిందు సేద్యం

సూర్యాపేట: సాగర్ ఎడమ కాలువ నీరు కోదాడ, మిర్యాలగూడ పొలాలను తడుపుతుంది. కాలువ ఎక్కని చెలకలకు బోరే దిక్కు. ఆ బోరు నీటిని పొదుపు చేసేందుకే బిందు సేద్యం రాయితీ పథకం వచ్చింది. గొట్టాల గుండా నీరు చుక్కచుక్కగా మొక్క మొదట్లోనే పడుతుంది. ఎరువునూ ఆ నీటిలోనే కలిపి అందించవచ్చు.

ఉమ్మడి రాష్ట్రంలో 2003లో ఈ పథకం మొదలైంది. తెలంగాణ ఏర్పడ్డాక షెడ్యూల్డ్ కులాలు, తెగల రైతులకు నూరు శాతం, వెనుకబడిన తరగతులకు, సన్న, చిన్నకారు రైతులకు 90 శాతం, ఇతరులకు 80 శాతం రాయితీ నిర్ణయించారు.

అయితే దరఖాస్తుకు పట్టాదారు పాస్‌బుక్కు కావాలి. కౌలుకు చేసేవారికీ కేంద్ర నిబంధనల్లో చోటుంది గానీ, కనీసం ఏడేళ్ల ఒప్పందం చూపాలి. పల్లెల్లో కౌలు చాలావరకు నోటిమాటే, అదీ ఏడాదికే. ఏడేళ్లకు కాగితం రాసిస్తే భూమి చేజారుతుందేమోనని పట్టాదారు భయం. వచ్చే ఏడు ఆ చేను తనకు దక్కేదీ లేనిదీ తెలియక కౌలు రైతు వెనకడుగు. ఇద్దరి నడుమ బోరు నీరు కాలువల్లో పారి వృథా అవుతోంది. బోరు ఎండితే పంట నష్టం, అప్పు కౌలు రైతువే. 2018లో వచ్చిన రైతుబంధు సాయమూ పట్టాదారుకే చెందింది.

నీటిని కాపాడటమే సర్కారు ఆశయమైతే, చేనుకు నీరు పెట్టే చేతినీ గుర్తించాలి. పట్టాదారు హక్కుకు భంగం రాకుండా ఒప్పందం రాయించే బాధ్యతను అధికారులు తీసుకుంటే ఇద్దరికీ మేలు.