మా వరి మడిలో మేనరికాలు

నేను విత్తనపు వడ్లు పండించే రైతును. మాది ఇందుకూరుపేట దగ్గర, మైపాడు సముద్రపు గాలి తగిలే ఊరు. తిండి వడ్లు పండించేవాళ్ల కంటే మాకు ఒక పని ఎక్కువ. అది కేళీలు తీయడం. పైరు ఈనే వేళ మడిలోకి దిగి, మిగతావాటికన్నా జానెడు పొడుగున్న దుబ్బునీ, ముందే ఈనినదాన్నీ, గింజకు మీసమున్నదాన్నీ వేళ్లతో సహా పీకేస్తాం. తనిఖీకి వచ్చినవాళ్లకు మడంతా ఒకే మట్టంగా కనబడాలి. తేడాలను ఏరిపారేస్తేనే నాకు నాలుగు డబ్బులు. అందుకే వరిలో వైవిధ్యం తగ్గిపోతోందని ఎవరన్నా అంటే, ఆ మాట నాకే తగులుతుంది.

మా నాయన కాలంలో పెద్దకారు పంటకు మొలగొలుకులనే వరి రకమే. ఆరు నెలల పంట. మనిషెత్తు పెరిగి, తుఫాను గాలికి పడిపోయేది. అయినా నెల్లూరు బియ్యానికి పేరు తెచ్చింది అదే. నాయన కళ్లంలో మంచి కంకులు ఏరి, మరుసటేడు విత్తనానికి విడిగా దాచేవాడు. పేరు ఒకటే అయినా ఆ మడిలో రకరకాల మొక్కలుండేవి. తెగులొస్తే కొన్ని పోయేవి, కొన్ని నిలిచేవి.

ఈ కలగలుపును పోగొట్టింది హరిత విప్లవమేనని చాలామంది అనుకుంటారు. దానికన్నా ముందే మొదలైంది. 1937లో బుచ్చిరెడ్డిపాళెంలో వరి పరిశోధన కేంద్రం పెట్టారు. తర్వాత అది నెల్లూరికి మారింది. మొలగొలుకుల్లోంచి మేలైన మొక్కను ఏరి, దాని సంతానాన్ని విడిగా పెంచి, కొత్త రకంగా ఇవ్వడం ఆనాటి పద్ధతి. దిగుబడికి మంచిదే. కానీ ఎంపికైన ఆ మొక్క పక్కనున్న వందల మొక్కల గుణాలు అక్కడితో ఆగిపోయాయి.

అసలు మలుపు 1966లో వచ్చింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్ 8ను విడుదల చేసింది. మన రాష్ట్రంలో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని వేసి, వేయించి పేరు తెచ్చుకున్నారు. ఐఆర్ 8 కురచగా ఉండడానికి కారణం తైవాన్ దేశవాళీ రకం డీ-జియో-వూ-జెన్ నుంచి వచ్చిన ఒక జన్యువు. అది కాండాన్ని పొడుగు చేసే హార్మోను తయారీని తగ్గిస్తుంది. అందుకే యూరియా వేసినా పైరు పడిపోదు, పెట్టిన బలం గింజకు పోతుంది.

ఇక చుట్టరికం చూడండి. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబమసూరి, అంటే బీపీటీ 5204, తాతల్లో తైచుంగ్ నేటివ్ 1 ఉంది. దాని కురచతనం డీ-జియో-వూ-జెన్‌దే. నెల్లూరు మసూరి, అంటే ఎన్ఎల్ఆర్ 34449, ఐఆర్ 72కూ బీపీటీ 5204కూ పుట్టింది. ఐఆర్ 72 కురచతనమూ ఆ తైవాన్ రకానిదే. అంటే తల్లివైపు, తండ్రివైపు ఒకే ముత్తవ్వ. అచ్చంగా మేనరికం. అంగట్లో పది పేర్లున్న సంచులు కనబడితే పది రకాలనుకుంటాం, వాటి కుటుంబాలు మాత్రం రెండో మూడో.

దగ్గర చుట్టరికం వల్ల వచ్చే ముప్పు ఏమిటో 1970లో అమెరికా మొక్కజొన్న రైతులు చూశారు. అక్కడి హైబ్రిడ్ విత్తనాల్లో ఎక్కువ భాగం ఒకే తల్లి వంశానివి. ఆ వంశాన్నే పట్టే ఆకు ఎండు తెగులు వచ్చి, దేశం మొత్తం పంటలో దాదాపు 15 శాతం పోయింది. మార్గశిర, పుష్య మాసాల మంచుకు అగ్గితెగులు రేగే మా పైర్లకు ఇది పరాయి కథ కాదు.

అయితే తప్పంతా శాస్త్రవేత్తలదే అనడం న్యాయం కాదు. నెదర్లాండ్స్ పరిశోధకులు ఎనిమిది పంటల మీద వచ్చిన అధ్యయనాలను కలిపి 2010లో లెక్క తీశారు. విడుదలైన రకాల వైవిధ్యం 1950లతో పోలిస్తే 1960లలో 6 శాతం తగ్గిందనీ, తర్వాత మళ్లీ పుంజుకుందనీ తేలింది. కొత్త రక్తం ఎక్కించిందీ శాస్త్రవేత్తలే. సాంబమసూరికి బాక్టీరియా ఎండాకు తెగులు బెడద ఉండేది. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, అక్కడి వరి పరిశోధన సంస్థ కలిసి మూడు నిరోధక జన్యువులను సంకరం ద్వారా దానిలోకి తెచ్చి 2008లో కొత్త సాంబమసూరిని ఇచ్చాయి. వాటిలో ఒకటి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిది. మనం పీకిపారేసే కలుపులాంటి గడ్డే మన అన్నానికి కాపలా కాసింది.

కాబట్టి పొలంలో కలగలుపు తగ్గినా, శీతల గిడ్డంగుల్లో, దేశవాళీ రకాలు వేసే రైతుల దగ్గర పాత సంపద మిగిలితే దారి ఉంటుంది. అదీ పోతే కొత్త రకం పుట్టించడానికి ముడిసరుకే ఉండదు. పంట రకాల, రైతు హక్కుల రక్షణకు వచ్చిన 2001 నాటి చట్టం సొంత విత్తనం దాచుకోవడానికీ, మార్చుకోవడానికీ, తన రకాన్ని తన పేరున నమోదు చేయించుకోవడానికీ రైతుకు హక్కు ఇచ్చింది. మాలో ఆ హక్కును వాడేవాళ్లు తక్కువ.

నేనైతే కేళీలు తీయడం మానను, అది నా వృత్తి. కానీ నా నేలంతటికీ ఒకే వంశపు విత్తనం వేయను. పక్క రైతులకూ అదే చెబుతున్నా: సంచి మీద మొలక శాతం, స్వచ్ఛత ముద్రిస్తారు కదా, ఆ రకం తల్లిదండ్రులెవరో కూడా అడగండి. పదిమంది అడగడం మొదలుపెడితే, ఆ పేర్లూ సంచి మీదికి ఎక్కుతాయి.