పాతకారు – క్రొత్త పెట్రోలు

వరంగల్లు, జనగామ, భువనగిరి వైపులనుండి రాజధానికి వచ్చువారికి ఉప్పలే నగరద్వారము. ఘట్‌కేసరు దాటినది మొదలు ఉప్పలు చౌరస్తా వఱకును, అచ్చట కుడివైపునకు మరలి నాచారము పోవు దారిలోను పెట్రోలు బంకులకు కొదవలేదు. చమురు కంపెనీల గిడ్డంగులు చర్లపల్లిలోనే ఉన్నవి; ట్యాంకరు లారీలు రేయుంబవళ్లు తిరుగుచుండును. ఇట్టి తావున పాత అంబాసిడరునో, ప్రీమియరు పద్మినినో నిలిపి పెట్రోలు పోయించుకొనుటకు ఒక ప్రసంగము కావలెనా యని పెద్దలు ప్రశ్నింపవచ్చును. కావలెననియే నా మనవి. ఏలయనగా నేడు బంకులో లభించు ద్రవము ఆ కారు పుట్టిననాటిది కాదు. పేరు మాత్రమే పెట్రోలు.

మొదటి మార్పు సీసమునకు సంబంధించినది. 1921వ సంవత్సరమున అమెరికాలో ఒక సీసపు సమ్మేళనమును పెట్రోలులో కలిపినచో ఇంజను కొట్టుకొనుట తగ్గునని కనుగొనిరి. ఆ సీసమే వాల్వులు కూర్చుండు పీఠములకు మెత్తని పూతవలె రక్షణ యిచ్చెడిది. కాని పొగలో వెలువడిన సీసము పసిపిల్లల మెదళ్లకు చేటు. 2000 ఫిబ్రవరి 1వ తేదీనుండి మన దేశమంతట సీసము కలిపిన పెట్రోలు నిలిచిపోయినది. పోవుటయే మేలు. నెమ్మదిగా నడుపు పాతకార్లకు దీనివలన వచ్చు నష్టము స్వల్పము. ఎన్నడైన ఇంజను పైభాగము విప్పినపుడు గట్టి లోహపు పీఠములు వేయించుకొన్నచో ఆ చింత తీరును.

రెండవ మార్పు అంత తేలిక కాదు. అది మద్యసారము, అనగా ఇథనాలు. చెఱకురసము, మొలాసిసు, మొక్కజొన్న, తినుటకు పనికిరాని బియ్యము దీనికి ముడిసరుకులు. కారునకు సారా పట్టించుట కలికాలపు వింత యని నవ్వువారు గలరు గాని, ఇది క్రొత్త తలపు కాదు. పెట్రోలులో మద్యసారము కలుపుటకు 1948లోనే మన దేశమున ఒక చట్టము చేసిరి. తరువాత 2003లో కొన్ని రాష్ట్రములలో నూటికి అయిదు పాళ్లు కలుపుట ఆరంభమైనది. 2022 నాటికి పదిపాళ్లయినది. 2023 ఫిబ్రవరిలో ఇరువదిపాళ్ల పెట్రోలు విడుదలయి, 2025లో దేశమంతట వ్యాపించినది. కలుపని పెట్రోలును కూడ బంకులలో ఉంచవలెనని కొందఱు కోరగా, ఆ వ్యాజ్యమును సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టివేసినది. ఈ కలుపుట గిడ్డంగిలోనే జరుగును. కావున బంకులోని కుఱ్ఱవానిపై కోపించి లాభము లేదు.

ఇరువదిపాళ్లు అనగా అయిదు లీటర్లలో ఒక లీటరు. ఆ లీటరునందలి శక్తి, పెట్రోలు లీటరునందలి శక్తిలో సుమారు మూడింట రెండువంతులే. లెక్కించిన మిశ్రమమునకు నూటికి ఆఱేడు పాళ్లు బలము తగ్గును. ఇంతేకాదు, ఒక పాలు పెట్రోలు కాలుటకు తూకమున పదునాలుగు పాళ్లకు మించి గాలి కావలెను. ఇథనాలునకు తొమ్మిదిపాళ్లు చాలును. నేటి కార్లు దీనిని తామే కనిపెట్టి సర్దుకొనును. మన పాతకార్లలోని కార్బురేటరునకు అట్టి తెలివి లేదు. అది ఎప్పటివలె గాలి పీల్చును. మంట పలుచనయి, ఎక్కుడులో ఇంజను ఈడువదు, ఎక్కువ వేడెక్కును. జెట్టు కొంచెము పెద్దది వేసి సరిచేయుట ఎఱిగిన మేస్త్రీకి అరపూట పని.

ఇప్పుడు అసలు ప్రమాదము చెప్పెదను. పాతకార్లలోని రబ్బరు గొట్టములు, పెట్రోలు పంపులోని పొర, కార్బురేటరులోని వాషర్లు ఇథనాలును ఎఱుగనివి. అది సోకినపుడు అవి ఉబ్బి, మెత్తబడి, పిదప పగులును. అంబాసిడరు ఇంజనులో కార్బురేటరు, వేడిపొగ వెలువడు గొట్టము ఒకేప్రక్క నున్నవి. పెట్రోలు బొట్టు జాఱినచో పడునది ఆ వేడి ఇనుము మీదనే. క్రిందటి వేసవిలో భువనగిరి ప్రాంతపు వృద్ధులొకరు కారులో పెట్రోలు వాసన వచ్చుచున్నదని నాచారములో ఒక షెడ్డు ముందు ఆపిరి. నేనచ్చట నుంటిని. మేస్త్రీ మూత యెత్తి చూచి, “పెద్దాయనా, ముందుగాల ఇంజన్ బంద్ చెయ్యుండ్రి. గీ పైపు జూడుండ్రి, పిండిలెక్క అయ్యింది” అన్నాడు. “నిరుడే కదా బిడ్డా కొత్తది ఏపిచ్చిన” అని ఆయన ఆశ్చర్యపడిరి. గొట్టము క్రొత్తదే. కాని అది ఇథనాలును తట్టుకొను జాతి కాదు. గొట్టము వయస్సు గాక జాతి అడుగవలెనని పెక్కుమందికి తెలియదు. మూరెడు గొట్టము, రెండు క్లిప్పులు: ఇంతమాత్రపు వ్యయమునకు వెనుకాడి నడిచౌరస్తాలో కారును మంటలపాలు చేసికొనుట వివేకము కాదు.

నీటి సంగతి వినుడు. నువ్వులును బియ్యమును కలిపిన విడదీయవచ్చును. అది తిలతండుల న్యాయము. పెట్రోలును ఇథనాలును పాలునీళ్లవలె కలియును. అది క్షీరనీర న్యాయము. అయితే ఈ స్నేహము చంచలమైనది. ఇథనాలునకు పెట్రోలు కంటె నీటియందే మక్కువ. వానకాలపు గాలిలోని తేమను అది పీల్చుకొనును. నీరు హద్దు మీఱినంతనే ఇథనాలు పెట్రోలును విడిచి, నీటితో జతకూడి ట్యాంకు అడుగున చేరును. పదిపాళ్ల మిశ్రమములో ఆ హద్దు నూటికి అరపాలు; అనగా యాబది లీటర్లలో పావులీటరు నీరు. ఇరువదిపాళ్లలో మఱికొంత ఓర్చును. ఇంజను పీల్చునది అడుగునుండియే కావున బండి నిలిచిపోవును. రేకు ట్యాంకు లోపల తుప్పు పట్టును. భారీవాన కురిసిన మఱునాడును, బంకులో ట్యాంకరునుండి సరుకు దింపుచున్నపుడును పోయించుకొనకుండుట మంచిది.

బంకులో చేయవలసిన పనులు కొన్ని గలవు. పాతకారుల మూతి ఇఱుకు, గొట్టము వంకర. నేటి నాజిలు వేగముగ పోయును. పెట్రోలు ఎదురుతన్ని చిమ్మును. “మెల్లగ పొయ్యి, నాయనా” అని ముందే చెప్పుడు. నాజిలు తానుగ ఆగిన పిదప మఱల నొక్కి అంచువఱకు నింపనీయరాదు. ఎండకు పెట్రోలు ఉబ్బును. ఇరువది డిగ్రీల వేడి పెరిగినచో యాబది లీటర్లకు ఇంచుమించు ఒక లీటరు పెరుగును. కల్తీ యని తోచినచో వడపోత కాగితముపై రెండుచుక్కలు వేయుమని అడుగుడు. మరక నిలువకుండ ఆరిపోవలెను. కొలతపై అనుమానమున్నచో అయిదు లీటర్ల కొలపాత్ర తెప్పించి చూచుట మీ హక్కు. ఇవి అడుగుటకు మొగమాటపడ నక్కఱలేదు.

వెల హెచ్చగు పెట్రోలు పాతకారునకు టానిక్కువంటిదని కొందఱి నమ్మకము. ఇండియన్ ఆయిలువారు 2020 డిసెంబరులో నూఱు ఆక్టేనుల పెట్రోలు తెచ్చిరి. ఆక్టేను సంఖ్య బలమును చెప్పదు. ఒత్తిడికి తనంతట అంటుకొనక నిలుచు ఓర్పును చెప్పును. అంత ఒత్తిడి మన అంబాసిడరు ఇంజనులో లేదు. దానికి అది వృథావ్యయము.

ఉప్పలులో నారపల్లివఱకు 2018లో మొదలైన పైవంతెన పనుల వలన ఏండ్లతరబడి బండ్లు గంటలకొలది ఆగుట మీరెఱిగినదే. మే నెల ఎండలో అట్లు ఆగినపుడు గొట్టములోనే పెట్రోలు ఆవిరియై కారు మొరాయించును. పెట్రోలు పంపుపై తడిగుడ్డ కప్పి పదినిమిషములు నీడను ఉంచుడు. పూర్వపు డ్రైవర్ల ఈ చిట్కాను మించినది నేటికిని లేదు.

ఇక ఊళ్లలోని పెద్దలకు ముఖ్యముగ చెప్పవలసినది. పెండ్లికో, యాదగిరిగుట్టకో కారు తీసి, తిరిగిపోవునపుడు ఉప్పలులో ట్యాంకు నిండించి, ఇంటికిపోయి నాలుగునెలలు కొట్టములో ఉంచుట మన అలవాటు. మునుపు అది పొదుపు; నేడు అదియే చేటు. పోవలసిన దూరమునకు చాలునంత, పైన అయిదు లీటర్లు మాత్రము పోయించుడు. పక్షమున కొకసారి పదిమైళ్లు తిప్పుడు. ఎక్కువకాలము కదలదని తెలిసినచో ట్యాంకును, కార్బురేటరు గిన్నెను ఖాళీచేయించుడు. నెలల తరబడి నిలిచి, రంగు ముదిరి, పుల్లని వాసన వేయు పెట్రోలు ఉన్నచో దానితో ఇంజను త్రిప్పవలదు, కాలువలో పోయవలదు. మూతగల ఇనుపడబ్బాలో పట్టి మేస్త్రీకి అప్పగింపుడు.