పొరుగూరి పందెము – ఇంటి లెక్క

గోల్ఫ్ అను మాట వినగానే, ఇది ధనవంతుల కాలక్షేపము, గృహిణులకు దీనితో నేమి పనియని కొందఱు పుట త్రిప్పవచ్చును. మా అమ్రాబాదు నల్లమల యడవుల నడుమనున్న మిట్టప్రదేశము. ఇచ్చట నీ యాట యాడువారు లేరు. అయినను ఈ యాటయందు, పొరుగూరి పందెములో వచ్చిన ఫలితమును స్వస్థలమున లెక్కకు ఎక్కించవలెనను నియమ మొకటి కలదు. అది మన సంసారములకును, బిడ్డల పెంపకమునకును మిక్కిలి పనికివచ్చునదిగా నాకు తోచినది. అందుచే దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ముందుగా నాట సంగతి. చిన్నబంతిని కఱ్ఱతో కొట్టుచు పోయి, దూరముననున్న గుంటలో పడవేయవలెను. ఇట్టి గుంటలు పదునెనిమిది. అన్నింటిని తక్కువ దెబ్బలతో ముగించినవారిదే గెలుపు. మన దేశమున కలకత్తా నగరములో 1829లోనే ఈ యాటకు సంఘ మేర్పడినది. హైదరాబాదులో గోల్కొండ నయాఖిల్లా యావరణమునందును, విశాఖపట్టణమునందును దీనికి మైదానములు కలవు.

ఆరితేరినవారితో క్రొత్తగా నేర్చినవారు పోటీపడు టెట్లు? పరుగుపందెములో చిన్నపిల్లవానిని పది యడుగులు ముందు నిలుపుట మన మెఱిగినదే. గోల్ఫులో దానికి బదులుగా హ్యాండిక్యాప్ అను తగ్గింపు కలదు. ఒకామెకు ముప్పది దెబ్బల తగ్గింపు ఉన్నదనుకొందము. ఆమె నూఱు దెబ్బలకు ఆట ముగించిన, లెక్కకు డెబ్బది మాత్రమే. ఎనిమిది దెబ్బల తగ్గింపు గల మఱియొకామె ఎనుబదిలో ముగించిన, లెక్కకు డెబ్బదిరెండు. నేర్పు తక్కువైనను మొదటి యామెయే గెలిచినట్లు. ఇందువలన తల్లియు కూఁతురును, కోడలును మామగారును గూడ సమానముగా పోటీపడవచ్చును.

అయితే ఈ తగ్గింపు న్యాయముగా నుండవలెనన్న, ఊరూరికి ఒకే కొలత యుండవలెను గదా! పూర్వము ఇంగ్లండులో ఏ సంఘము లెక్క దానిదే. ఒకచోట పది యనిపించుకొన్నామె మఱియొకచోట ఇరువది కావచ్చును. 1893లో అచ్చటి స్త్రీలు తమకొక గోల్ఫ్ సమాఖ్యను స్థాపించుకొని, అన్ని సంఘములకును ఒకే తీరు తగ్గింపు లెక్క నేర్పఱుపఁ బూనిరి. ఆ పనికి పూనిక వహించిన కార్యదర్శిని ఇసెట్ పియర్సన్ అను నామె. ఆ యేటనే జరిగిన మొదటి స్త్రీల పోటీలో ఆమె తుదియాటవఱకు వచ్చి, మార్గరెట్ స్కాట్ అను నామెకు ఓడిపోయెను. ఓడినందుకు చిన్నవోక, అందఱికి న్యాయము కలుగు కొలతకై పాటుపడినది. పురుషులు తమలో నట్టి యేకరీతి లెక్కను కుదుర్చుకొనుటకు పూర్వమే స్త్రీలు దానిని సాధించిరన్నది మనము గర్వింపదగిన విషయము.

మైదానము లన్నియు నొక్కటి కావు. మా ప్రాంతమున చైత్రపున్నమకు సలేశ్వరము జాతర జరుగును. లోయలోనికి దిగు నా రాతిబాటలో ఒక క్రోసు నడచుటయు, చదునైన బాటలో ఒక క్రోసు నడచుటయు నొకటేనా? అట్లే ఒక మైదానమున తొంబది దెబ్బలు గొప్ప, మఱియొకచోట సామాన్యము. అందుచే ప్రతి మైదానమునకును కష్టమునుబట్టి 55 మొదలు 155 వఱకు ఒక అంకె నిర్ణయింతురు. నడిమి ప్రమాణము 113. ఈ అంకెల సహాయముచే, ఏ యూర నాడినను వచ్చిన ఫలితమును ఒకే త్రాసున తూచవచ్చును. 2020 నుండి లోకమంతటికి ఒకే పద్ధతి యమలులోనికి వచ్చినది. మన దేశమును దానినే యనుసరించుచున్నది.

ఇక అసలు విషయము. ఈ పద్ధతి ప్రకారము క్రీడాకారిణి యాడిన కడపటి ఇరువది యాటలను చూచి, వానిలో మేలైన ఎనిమిదింటి సగటును తీసి తగ్గింపు నిర్ణయింతురు. పొరుగూరనైనను, పరదేశముననైనను పోటీలో వచ్చిన ఫలితము ఇందులో చేరవలసినదే. ఆడిననాడే దానిని నమోదు చేయుట ధర్మము. తోడియాడినవారు సాక్షులుగా నుందురు. కాని పొరుగూరి సాక్షి మన యూరికి వచ్చి చెప్పదు గదా! అక్కడనే మనుష్యుని గుణము బయటపడును.

దాచువారు రెండు తెఱఁగులు. బాగుగ నాడిన ఫలితమును దాచువారు కొందఱు. తగ్గింపు తఱుగకుండ నుంచుకొని, స్వస్థలమున బహుమానములు కొట్టవలెనని వారి యూహ. చెడ్డగా నాడినది దాచువారు మఱికొందఱు. నలుగురిలో చులకన యగుదుమని వారి భయము. మొదటిది లోభము, రెండవది డంబము.

మొదటిదానివలన నెంత తేడా వచ్చునో చూడుడు. ఒకామె మేలైన ఎనిమిది ఫలితములును ఇరువదినాలుగేసి యనుకొందము, సగటు ఇరువదినాలుగు. పొరుగూర ఆమె పదునాఱు సాధించినది. దానిని చేర్చగా ఇరువదినాలుగులలో నొకటి తొలగును, సగటు ఇరువదిమూడగును. ఒక్కసారిగా ఏడు దెబ్బలు గాని, అంతకు మించి గాని మెఱుగుపడినచో కనీసము మఱియొక దెబ్బ తగ్గింపవలెనని నియమము. కావున ఆమె న్యాయమైన లెక్క ఇరువదిరెండు. ఆ యొక్క కార్డును దాచినచో రెండు దెబ్బలు ఊరక లభించును. ఆ రెండింటితో ఆమె గెలిచిన వెండిగిన్నె నిజముగా ఎవరిది? నిజాయితీగా నాడి, రెండవదిగా నిలిచి, తన యాటలోనే లోపమున్నదనుకొని యింటికి పోయిన యామెది.

మహాభారతము చదివిన సోదరీమణులకు ఇచ్చట శకుంతల జ్ఞప్తికి రాకమానదు. దుష్యంతుడు కణ్వాశ్రమమున చేసిన వివాహమును తన రాజధానిలో నెఱుగననెను. అడవిలో జరిగినది కొలువులో లెక్కకు రాదనుకొనెను కాబోలు! ఎవరును చూడలేదనుకొన్నను మనుష్యుని చేతలను పంచభూతములును, అంతరాత్మయు చూచుచునే యుండునని ఆ యిల్లాలు నిండుకొలువులో ఎలుగెత్తి చెప్పెను.

మన తెలుగుబిడ్డ యొకడు ఈ మాటను ఇటీవల ఆచరించి చూపెను. సాహిత్ తీగల తల్లిదండ్రులు హైదరాబాదునుండి అమెరికాకు వలసపోయినవారు. 2024లో అట్లాంటా నగరమున జరిగిన టూర్ ఛాంపియన్‌షిప్ మూడవనాటి యాటలో అతని కఱ్ఱ వెనుకకు తీయునపుడు ఇసుకను రవంత తాకెను. అది నియమవిరుద్ధము. పరులెవ్వరును గమనింపకున్నను తానే అధికారిని పిలిచి చెప్పి, రెండు దెబ్బల దండన తలదాల్చెను. తుదకు మూడవవాడయ్యెను, రెండవవానికి నతనికి నడుమ దూరము సరిగా రెండు దెబ్బలే! ఆ రెండు దెబ్బల విలువ లక్షల డాలర్లు. అయినను ఆనాడు అతనికి దక్కిన పేరు ఆ సొమ్ముకన్న మిన్న కాదా?

చెడ్డ ఫలితమును దాచువారి సంగతి వేఱు. ఇరువదింటిలో ఎనిమిదియే సగటునకు వచ్చునని చెప్పితిని. అనగా తక్కిన పండ్రెండును పుస్తకమున నుండునే కాని, అవి కారణముగా ఎవరును దండింపబడరు. ఒకనాడు గాలి పెద్దదై, ఒకనాడు ఒడలు బాగుండక చెడినను ఆ పద్ధతి దానిని క్షమించును. ఉన్నది ఉన్నట్లు చెప్పుమనునది, చెప్పినదానిని క్షమించుటయు నెఱిగియున్నది. నా మనస్సునకు మిక్కిలి నచ్చిన దిదియే.

మన యిండ్లలో నీ రెండవ భాగమును మఱచుచున్నాము. పిల్లవాడు అచ్చంపేటకో, నాగర్‌కర్నూలుకో పోటీపరీక్షకు పోయి వచ్చును. మార్కులు తక్కువైనచో తిట్లు, పొరుగింటి పిల్లలతో పోలికలు. మఱుసటిసారి వాడు కాగితమును దాచును. దాచుట నేర్పినది మనమే! పొరుగూర పెండ్లికిపోయి మితిమీరి ఖర్చుచేసిన కోడలును, సంతలో మోసపోయిన భర్తయు నిట్లే నోరు మెదపరు. పద్దు పుస్తకము అబద్ధమగును. ఇంటి యసలు బలమెంతయో ఎవరికిని తెలియకుండపోవును.

కావున సోదరీమణులారా! బయటినుండి వచ్చిన బిడ్డను "గెలిచితివా?" యని యడుగుటకు ముందు "ఏమి జరిగినదో చెప్పుము" అని యడుగుదము. చెప్పినది చేదైనను వినిన పిమ్మట అన్నము పెట్టుదము. ఇరువదిలో పండ్రెండు తప్పులను సహించు నోర్పు తల్లికున్ననాడు, పొరుగూరి లెక్కను బిడ్డ తనంతట తానే యింటికి తెచ్చి యొప్పగించును.